బందెలదొడ్డిలో పిల్లి

మా అత్తగారి ఇల్లు ఇబ్రహీంపట్నంలో బందెలదొడ్డి గోడకు ఆనుకొని ఉండేది. పరాయి గొడ్డు ఎవరి చేనులోనైనా పడి మేస్తే, చేను గలవాడు దాన్ని తోలుకొచ్చి ఆ దొడ్డిలో పెట్టించేవాడు. గొడ్డు గలవాడు వచ్చి, జుర్మానా కట్టి, నాలుగు తిట్లు తిని విడిపించుకుపోవాలి. పదహారేళ్లకు కాపురానికి వచ్చిన నాకు పొద్దున్నే బర్రెల అరుపులతోనే మెలకువ వచ్చేది. "బర్రెలకూ మా కోడలికీ ఒకటే గొంతు" అని మా అత్త వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేది. నాకు నోరెక్కువ. ఇప్పటికీ ఎక్కువే, ఎవరికోసం దాచిపెట్టుకోవాలి?

దొడ్డికి కాపలా జవాను ఒక ముసలాయన. ముస్లిం. భార్య పోయింది, ఒక్కగానొక్క కూతురు హైదరాబాదులో కాపురం. ఊరంతా ఆయన్ని తాత అనే పిలిచేది, నేనూ అంతే. నైజాం సర్కారు ఇచ్చిన ఇత్తడి బిళ్ల తోలు పట్టీని నడుముకు బిగించుకుని, రెండు ఎద్దులనూ మూడు మేకలనూ రాజ్యం ఏలినట్టు ఏలేవాడు. ఎవరైనా గొడ్డును విడిపించుకుంటే చాలు, దాని వెంట ఆయన కూడా బయల్దేరేవాడు. అది ఆ ఇంటికి చేరి, దాని గుంజకు దాన్ని కట్టేసి, గడ్డి నోట పెట్టేదాకా నిలబడి చూసి గానీ వెనక్కి వచ్చేవాడు కాదు. ఎప్పుడో ఒకడు పరాయివాళ్ల బర్రెను తనదని చెప్పి విడిపించుకుని అమ్మేసుకున్నాడట. అప్పటినుంచి ఆయనకు మనుషుల మాట మీద నమ్మకం పోయింది. గొడ్డు తన గుంజను చూసి చేసే అరుపునే నమ్మేవాడు.

అవి సంఘం రోజులు. దొరల మీద తిరగబడ్డ సంఘంవాళ్లు మంచాల వైపు గుట్టల్లో ఉన్నారని చెప్పుకునేవాళ్లు. ఇటు చూస్తే రజాకార్ల భయం, అటు చూస్తే గడీలో దొర. మా ఆయన బట్టల మూట భుజాన వేసుకుని ఊళ్లు తిరిగి అమ్మేవాడు. ఆ రోజుల్లో ఊళ్లు తిరగడమే ఒక నేరం కాబట్టి ఆయన ఎప్పుడూ ఎక్కడో ఒకచోట చిక్కుకుపోయి ఉండేవాడు. ఒకసారి రజాకార్ల తుపాకులవాళ్లు వచ్చి తమ గుర్రాలను దొడ్డిలో కట్టేసుకుంటామంటే, తాత వాళ్లను సర్కారు చీటీ అడిగాడు. చెంప మీద కొట్టారు. ఇంకోసారి సంఘం పిల్లలు వచ్చి దొడ్డి తలుపు విరగ్గొట్టి గొడ్లను వదిలేస్తామంటే, వాళ్లకూ అదే మర్యాదతో, "వదులుండ్రి బిడ్డా, గానీ అవి పోయి మేసేది మీ అయ్యల చేన్లనే" అన్నాడు. వాళ్లు కొట్టలేదు. కాసేపు నిలబడి ఆలోచించి వెళ్లిపోయారు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున దొర వంటమనిషి మూత కట్టిన గంప ఒకటి పట్టుకుని దొడ్డికి వచ్చాడు. గంపలో పిల్లి. పసుపుపచ్చ చారలు, ఎముకలు లెక్కపెట్టొచ్చు, ఒక కన్ను పుసి కట్టి మూసుకుపోయింది. గడీ వంటింట్లో దొర పెరుగు కుండలో తల పెట్టిందట. దొరకు కోపం వచ్చి, పరాయి సొత్తు మేసిన జంతువును ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టమన్నాడు. తాత తన కాయితాలన్నీ తిరగేశాడు. ఆవు ఉంది, బర్రె ఉంది, మేక, గొర్రె, గాడిద అన్నీ ఉన్నాయి. పిల్లి లేదు. కానీ దొర మాట కాదంటే రేపు తానే ఆ గంపలోకి పోవాలి. బాగా ఆలోచించి, "చిన్న జంతువు, ఒకటి" అని రాసుకున్నాడు.

నేను గోడ మీదినుంచి తొంగిచూసి పడీపడీ నవ్వాను.

"తాతా, దొర పెరుగు తిన్నందుకు పిల్లికి జైలా? మరి మా గింజలన్నీ తిన్న దొరను ఏ దొడ్ల పెడ్తవ్?"

"మెల్లగ బేటీ, మెల్లగ! నీ మాటకు నన్ను లోపలేస్తరు" అని ఆయన చేతులు జోడించాడు.

పిల్లి ఆ రోజే పోయి మూలన ఉన్న గడ్డిమోపుల వెనక దూరింది. అంతే, ఇక బయటికి రాలేదు. తుమ్మేది, దగ్గేది, మనిషి అలికిడైతే గోడలో కలిసిపోయేది. తాత మేకపాలలో జొన్నరొట్టె నలిపి చిప్పలో పెట్టి, అవతలికి తిరిగి కూర్చునేవాడు. తాను చూస్తుంటే అది తినదట. గోరువెచ్చని నీళ్లతో కన్ను తుడవబోతే చేతులన్నీ గీరింది. ఆ గీతలను నాకు చూపించి, "ఖాందానీ పిల్లి, పరాయి మొగోన్ని తాకనియ్యదు" అనేవాడు. హరాజు, అదే వేలం పాట కూడా పెట్టాడు పాపం, కానూన్ ప్రకారం. పాడేందుకు ఒక్కడూ రాలేదు. కొన్నాళ్లకు సంఘంవాళ్ల భయంతో దొర గడీకి తాళం వేసి హైదరాబాదు పారిపోయాడు. ఫిర్యాదీ లేడు, సొంతదారు లేడు, ఖైదీ మాత్రం ఉంది. నిజానికి దొడ్డి తలుపు బర్రెల కోసం చేసింది, దాని సందుల్లోంచి పిల్లి ఏమిటి, నేను కూడా పోవచ్చు. అది పోలేదు.

ఇంతలో ఇండియా ఫౌజు వచ్చింది. నాలుగైదు రోజుల్లోనే నైజాం సర్కారు లొంగిపోయిందని హైదరాబాదు పట్నంనుంచి వచ్చినవాళ్లు చెప్పారు. హయత్‌నగర్ రోడ్డు మీద ఫౌజు లారీలు చూసి వచ్చినవాళ్లు వాటి గురించి చెప్పీచెప్పీ గొంతులు పోగొట్టుకున్నారు. మా వాడలో బెల్లం పంచారు. మా అత్త కూడా నవ్వింది. ఆ సంతోషం రెండు రోజులైనా శుభ్రంగా నిలవలేదు. తుపాకులవాళ్ల చేతుల్లో నిజంగా నష్టపోయినవాళ్లు కొందరు, ఏమీ నష్టపోకుండా ఇదే సందనుకున్నవాళ్లు ఇంకొందరు కట్టెలు పట్టుకుని బయల్దేరారు. తుపాకులవాళ్లు అప్పటికే ఎటో మాయమయ్యారు కాబట్టి, కనబడ్డ ముస్లిం ఇంటి మీద పడుతున్నారని పక్క ఊళ్లనుంచి కబుర్లు వచ్చాయి. మా ఊళ్లో ఉన్న నాలుగైదు కుటుంబాలు మూటలు కట్టుకున్నాయి. తాతకు కూడా కూతురు దగ్గరినుంచి, వెంటనే వచ్చెయ్యమని కబురొచ్చింది. రేపు మధ్యాహ్నం గడ్డిబండి ఒకటి నాదర్‌గుల్ మీదుగా పట్నం పోతోంది. ఆ బండి రైతు మంచివాడు, తాతను గడ్డి కింద దాచి తీసుకుపోతానన్నాడు.

తాత రానన్నాడు.

"దొడ్ల జంతువున్నది బేటీ. జంతువుండంగ జవాను దొడ్డి ఇడిచి పోవద్దు. కానూన్."

నాకు ఒళ్లు మండిపోయింది. "తలుపు తెరిచి దాన్ని ఇడిచిపెట్టరాదు?"

"తెరిచే ఉన్నది. దానికి పోబుద్ధయితలేదు."

"నీకు గూడ పోబుద్ధయితలేదా?"

"నాకు హుకుం రాలే."

"అయితే దాన్ని నువ్వే తీస్కపో!"

"తోబ తోబ! దొడ్ల జంతువును నౌకరు తీస్కుంటడా? గంతకన్న దొంగతనం ఉన్నదా?"

నేనే తీసుకుంటానన్నాను. ఆయన నవ్వాడు. నేనప్పుడు ఐదు నెలల కడుపుతో ఉన్నాను. కడుపుతో ఉన్న మనిషి తిరిగే ఇంట్లో పిల్లి అడుగు పెడితే తాను ఇల్లు విడిచి పోతానని మా అత్త ముందురోజే ఒట్టేసింది. "మీ అత్త ఒట్టు నాకు గోడ అవతలికే వినబడ్డది" అన్నాడు. ఎవరో ఒకరితో ఉత్తుత్తిగా ఒప్పిద్దామన్నా కుదరదు. ఆయన వెంట నడిచి వచ్చి, పిల్లి ఆ ఇంట్లో పాలు తాగేదాకా చూస్తాడు కదా! అంటే ఆ రోగిష్టి, బిడియపు పిల్లికి రేపు మధ్యాహ్నంలోగా నిజమైన ఇల్లు దొరకాలి. లేకపోతే ఈ మనిషి ఇక్కడే ఉంటాడు. ఆ కట్టెలవాళ్లు వస్తే పట్టీ బిగించుకుని తలుపు దగ్గర నిలబడి వాళ్లనూ చీటీ అడుగుతాడు.  కాపురానికి వచ్చిన కొత్తలో, నేను గోడ పక్కన ఏడుస్తుంటే, ఏమీ అడగకుండా ఇటువైపు రెండు సీతాఫలాలు పెట్టిపోయిన మనిషి ఆయన. ఆయనకు ఏమన్నా అయితే నేను తట్టుకోలేను.

మొదట కిరాణా షావుకారు భార్య దగ్గరికి పోయాను. వాళ్ల కొట్లో ఎలుకలు మస్తు.

"అయ్యో, తే! పిల్లి దొరుకుతె సాలని చూస్తున్న" అన్నది. తర్వాత నా మొహం చూసి, "మంచిగున్నదా?" అని అడిగింది.

"జర జలుబు చేసింది."

"దగ్గుతున్నదా?"

"జరంత."

ఆమె లేచి నిలబడింది. "నా ఇంట్ల చస్తే? పిల్లి చచ్చిన పాపం ఉత్తగ పోతదా? బంగారి పిల్లిని చేపిచ్చి కాశీకి ఎవలు కొంటపోతరు, నువ్వు పోతవా?"

"చావది వదినా. బతుకుతది."

"అయితే బతికినంక తే."

అక్కడినుంచి సంఘం అన్న ఇంటికి పోయాను. ఆయన గుట్టల్లో ఉండి ఆ వారమే బయటికి వచ్చాడు. ఇంటి ముందు జనం. నా మాట వినడానికి అందరినీ ఊరుకోబెట్టాడు, అంత పెద్దమనసు. నేను చెప్పిందంతా కళ్లు మూసుకుని విన్నాడు. దొర ఫిర్యాదు చెల్లదన్నాడు. ఆకలైన జీవి పెరుగు తినడం తప్పు కాదన్నాడు. దొడ్డి అనేదే పేదల మీద దొరల జులుం అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. నాకు కూడా అంతా బాగానే అనిపించింది.

"పిల్లికి విముక్తి ఇచ్చినం. పో చెల్లె" అన్నాడు చివరికి.

"విముక్తి ఎప్పుడో అయ్యిందన్నా, తలుపు తెరిచే ఉన్నది. దానికి ఇల్లు గావాలె. మీ ఇంట్ల ఉంచుకుంటవా?"

ఆయన కొట్టం వైపు ఒకసారి చూశాడు. "ఇల్లంటే… మా అమ్మకు పిల్లులు పడయ్ చెల్లె" అన్నాడు. దొరను ఊరు విడిచి పారిపోయేట్టు చేసిన మనిషి. వాళ్లమ్మ కొట్టం దగ్గర కూర్చుని చేటలో బియ్యం చెరుగుతూ నన్నే చూస్తోంది. ఆ చూపు చూశాక నేను కూడా మళ్లీ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే, పిల్లులను ప్రాణంగా చూసుకునే ఇంటికి పోయాను. మా వాడ చివర గాజులమ్మే ముస్లిం ఆమె ఇల్లు. ముందే పోవలసింది కదా అని నన్ను నేను తిట్టుకుంటూ పోయాను. పోయేసరికి ఇంటికి తాళం వేస్తోంది. బండి మీద మూటలు, మూటల మీద పిల్లలు. నేను తాత పిల్లి సంగతి చెప్పగానే ఆమె ఒక్కసారిగా ఏడ్చింది.

"నా పిల్లినే ఇడిచిపెట్టి పోతున్న బిడ్డా. అగో, గడప మీద కూసున్నది. తాళమేసినా లేస్తలేదు. దాన్ని గూడ జర నువ్వే చూడు, నీకు పుణ్యముంటది."

నేను ఒక పిల్లికి ఇల్లు వెతకబోయి రెండో పిల్లిని చంకలో పెట్టుకుని తిరిగి వచ్చాను. దాన్ని మాత్రం షావుకారు భార్య దారిలోనే చూసి లాక్కున్నంత పని చేసింది. నున్నగా, బలిసి ఉంది, దగ్గడం లేదు మరి. ఎవరి ఇంటి పిల్లి అని కూడా అడగలేదు. ఒక పిల్లికి ఇల్లు దొరికిందని సంతోషించాలో, దొరకాల్సిన దానికి దొరకలేదని ఏడవాలో తెలియలేదు.

మధ్యాహ్నానికి ముసురు పట్టింది. గడ్డిబండి వచ్చి మా ఇంటి వెనక సందులో ఆగింది. అదే సమయానికి, మంచాల బాట మీద కట్టెలు పట్టుకున్న మనుషులు వస్తున్నారని మేకలు కాసుకునే ఒకామె అరుచుకుంటూ పోయింది. మా అత్త తలుపు గడియ వేస్తూ నన్ను పిలిచింది. నేను ఆమె పక్కనుంచి బయటికి దూకి, కొత్త కోడళ్లు కాలు పెట్టని ఆ దొడ్డిలోకి పోయాను. తాత పట్టీ బిగించుకుని స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, హాజరు తీసుకునేవాడు ఎవరో వస్తున్నట్టు.

"తాతా, బండి వచ్చింది. లే."

"పిల్లికి ఇల్లు దొరికిందా?"

"దొరకలే. ఊర్ల ఒక్కడు తీస్కోలే. నువ్వే తీస్కపో."

"నౌకరు తీస్కోవద్దని చెప్పిన గద."

అప్పుడు నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. "నువ్వు ఎవల నౌకరువు తాతా? నీ సర్కారు ఏది? లొంగిపోయింది. సర్కారే లేకపాయె, నౌకరెక్కడ? నువ్విప్పుడు ఉత్త మనిషివి. ఉత్త మనిషి పిల్లిని తీస్కుంటె తప్పేంది?"

ఆయన నడుము మీది బిళ్లను ఒకసారి తడిమి చూసుకున్నాడు. "కాయితం వచ్చిందా?" అన్నాడు.

"సర్కారే పోయినంక కాయితం ఎవలిస్తరు!"

ఆయన స్టూలు దిగలేదు. బాట మీద అరుపులు వినబడుతున్నాయి. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. అక్కడున్న నీళ్లతొట్టి గట్టు మీద, ముసురులో, కడుపు పట్టుకుని కూలబడ్డాను. "నువ్వు లేచేదాంక నేను గూడ లేవ. వచ్చినోళ్లు నన్నే సంపుకోని" అన్నాను. ఆయన నావైపు చూశాడు, బాట వైపు చూశాడు. నెమ్మదిగా లేచి పట్టీ విప్పి, మడిచి, మేకుకు తగిలించాడు. గోనెసంచి తీసుకుని గడ్డిమోపుల వెనక్కి వంగాడు. పిల్లి గీరింది, కరిచింది, చివరికి సంచిలోకి వచ్చింది. దారి గుర్తుపట్టి తిరిగి రాకుండా సంచి మూతి గట్టిగా కట్టి, రొమ్ముకు హత్తుకుని, నా వెనకే సందులోకి నడిచాడు. బండిలో ఎక్కి, పైన గడ్డి కప్పించుకున్నాడు. గడ్డిలోంచి ఒక తుమ్ము వినిపించింది. అది పిల్లిదో ఆయనదో నాకు తెలియదు. బండి కదిలింది.

వాళ్లు వచ్చారు. ఏడెనిమిది మంది. ఇద్దరిని నేను గుర్తుపట్టాను. ఒకడు మొన్న మా ఇంట్లో బెల్లం తిని పోయినవాడే. దొడ్డంతా వెతికి, ఎవరూ దొరకక, అంత దూరం నడిచి వచ్చినందుకు ఏదో ఒకటి దక్కాలి కాబట్టి తలుపు ఊడబెరికి పొయ్యిలోకని మోసుకుపోయారు.

తాత క్షేమంగా కూతురింటికి చేరాడని బండి రైతు చెప్పాక నా గర్వానికి పట్టపగ్గాలు లేవు. కానూన్ మనిషిని కానూన్‌తోనే కొట్టి గెలిచానని మా వాడ అంతా చెప్పాను. మా ఆయన ఇంటికి రాగానే మూట దించుకోకముందే చెప్పాను. మా అత్త కూడా, "దాని నోరు ఒక్కనాడన్న పనికొచ్చింది" అని ఒప్పుకుంది.

కొన్ని నెలలకు కొత్త సర్కారు దొడ్డికి కొత్త తలుపు పెట్టించింది. పాత జవాన్లు వచ్చి కొలువులో చేరొచ్చని చెప్పారు. ఊరు కూడా సద్దుమణిగింది. నేను పరుగున మా ఆయనతో తాతకు కబురు పంపాను. రానన్నాడు. మళ్లీ పంపాను. రానని చెప్పమన్నాడు. నాకు కోపం వచ్చింది. ఇంత చేసి బతికిస్తే, బతికి ఉన్నందుకైనా ఒకసారి వచ్చి మొహం చూపించకూడదా?

నాకు బిడ్డ పుట్టాక, దానికి చెవిలో చీము కారుతుంటే పట్నం దవాఖానకు తీసుకుపోయాను. తిరిగి వచ్చేటప్పుడు దారి అడుగుతూ పోయి ఆయన కూతురి ఇల్లు పట్టుకున్నాను. గల్లీలో గడప దగ్గర మంచం మీద తాత. బాగా చిక్కిపోయాడు. మంచం కింద పసుపు చారల పిల్లి, రెండు కళ్లూ తెరుచుకున్నాయి, ఒళ్లు చేసింది. నన్ను చూడగానే లోపలికి పారిపోయి పెట్టె వెనక దూరింది. బిడియం మాత్రం పోలేదు.

తాత నా చేతుల్లోంచి బిడ్డను తీసుకుని ఒళ్లో పడుకోబెట్టుకున్నాడు. నేను కూర్చోకుండానే మొదలుపెట్టాను.

"ఎందుకు వస్తలేవు తాతా? దొడ్డి నీ కోసం సూస్తున్నది."

"దొడ్ల జంతువును ఇంటికి తెచ్చుకున్న నౌకరును బేటీ. మల్ల ఏ మొఖం పెట్టుకోని ఆ తాళంచెవి పట్టుదు?"

"అప్పుడు సర్కారు లేకుండె గద!"

"సర్కారు లేకుంటె లేకపాయె. దొడ్డి ఉండె గద."

నేను వదల్లేదు. "మరి తీస్కున్నవ్ గద! నేను చెప్పింది నిజమనే గద తీస్కున్నవ్?"

ఆయన నవ్వాడు. "నువ్వేం చెప్పినవో నాకేం యాది లేదు బేటీ. వాళ్లు బాట మీద వస్తుండ్రి. నువ్వు కడుపుతోని తొట్టి మీద కూసుంటివి. నేను లేస్తెనే లేస్తనంటివి."

ముప్ఫై ఏళ్లు నిలబెట్టుకున్న కొలువు ఆయనది. దాన్ని నా వాదన ఓడించలేదు. నేను ఏడవబోతున్నానని తెలిసి ఆయన తల పక్కకు తిప్పుకుని, ఒళ్లో ఉన్న నా బిడ్డ మొహం మీదినుంచి ఈగను తోలాడు.

"ఆనాడు తొట్టి మీద కూసున్నది ఈమెనేనా?" అని అడిగాడు.

"అవ్ తాతా" అన్నాను.